విదేశీ ఉద్యోగ వీసాకు పోలీస్ క్లియరెన్స్ పత్రాల ధ్రువీకరణ

విదేశంలో ఉద్యోగానికి వీసా కోరే వ్యక్తిపై తమ దగ్గర నేర సంబంధమైన ప్రతికూల సమాచారం లేదని ఒక దేశపు అధికారులు ఇచ్చే పత్రం పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. వాడుకలో దీన్ని పీసీసీ అంటారు. కొన్ని దేశాలు దీన్నే సత్ప్రవర్తన పత్రమనీ, నేరచరిత్ర పత్రమనీ పిలుస్తాయి. పత్రం చేతికి రావడంతో పని అన్నిసార్లూ పూర్తికాదు. దాని మీద సంతకం చేసిన అధికారి ఎవరో, ఆ ముద్ర నిజమైనదో కాదో వీసా ఇచ్చే దేశానికి తెలియదు. అందుకే స్వదేశ ప్రభుత్వం మరో ముద్రతో ఆ సంతకానికి పూచీ పడుతుంది. కొన్ని దేశాలకు ఆ పైన ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఈ మొత్తం క్రమాన్ని తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా 'అటెస్టేషన్ చేయించడం' అంటారు. భారతదేశంలో ఈ పత్రాల జారీ, ధ్రువీకరణ పద్ధతులు, దేశాలవారీ తేడాలు, దరఖాస్తుదారులకు తరచుగా ఎదురయ్యే చిక్కులు ఈ వ్యాసంలో ఉన్నాయి.

పరిభాష

నోటరీ: 1952 నాటి నోటరీల చట్టం కింద నియమితుడైన న్యాయవాది ఒక నకలును అసలుతో పోల్చి చూసో, ఒక అఫిడవిట్‌ను తన ఎదుట సంతకం చేయించో ముద్ర వేయడం. ధ్రువీకరణలో ఇది అన్నిటికన్నా కింది మెట్టు.

అటెస్టేషన్: ప్రభుత్వ శాఖ గానీ, విదేశాంగ శాఖ గానీ, ఎంబసీ గానీ తనకంటే ముందు సంతకం చేసిన అధికారి సంతకం సరైనదేనని చెప్పడం.

అపోస్టిల్: 1961 హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య చెల్లే ఏకైక ముద్ర. ఇది పడ్డాక ఎంబసీ ముద్ర అవసరం లేదు.

గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్: నర్సులు, వైద్యులు, ఫార్మసిస్టుల మీద వృత్తిపరమైన క్రమశిక్షణ చర్యలు లేవని వారి కౌన్సిల్ ఇచ్చే పత్రం. పీసీసీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. రెండూ విడివిడిగా అడుగుతారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. అపోస్టిల్ గానీ అటెస్టేషన్ గానీ పత్రంలో రాసి ఉన్నది నిజమని చెప్పవు. సంతకం ఫలానా అధికారిదే, ఆయనకు ఆ హోదా ఉంది, ముద్ర అసలైనది అనే మూడు సంగతులకే అవి పూచీ. హేగ్ ఒప్పందం 5వ అధికరణం ఈ మాటే చెబుతుంది. పీసీసీలో పేరు తప్పు పడితే ఎన్ని ముద్రలు వేయించినా ఆ తప్పు తప్పుగానే ఉంటుంది. దరఖాస్తుదారుల నష్టాల్లో చాలా వాటికి మూలం ఈ సంగతి తెలియకపోవడమే.

చరిత్ర

వ్యక్తుల నేరచరిత్రను ఒకచోట భద్రపరచి, అడిగినప్పుడు సారాంశం ఇచ్చే పద్ధతిని ఫ్రాన్స్ 1850లో వ్యవస్థీకరించింది. ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేసి చూపే సాధనం ఆ తర్వాత దొరికింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధమైన వేలిముద్రల వర్గీకరణకు అక్కడ గణిత రూపం ఇచ్చినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయ పోలీసు అధికారులు. నేటికీ అమెరికా, కెనడా వంటి దేశాలు నేరచరిత్ర పత్రాన్ని వేలిముద్రల ఆధారంగానే ఇస్తాయి. భారతీయ పీసీసీ మాత్రం ప్రధానంగా పేరు, చిరునామా, పోలీస్ స్టేషన్ రికార్డుల మీద ఆధారపడుతుంది.

ఒక దేశపు ప్రభుత్వ పత్రం మరో దేశంలో చెల్లాలంటే పూర్వం వరుసగా ఎన్నో సంతకాలు కావలసి వచ్చేది. కింది అధికారి సంతకాన్ని పై అధికారి, ఆయన సంతకాన్ని విదేశాంగ శాఖ, దాన్ని ఎంబసీ, ఎంబసీ ముద్రను మళ్లీ ఆ దేశపు విదేశాంగ శాఖ ధ్రువీకరించేవి. ఈ గొలుసును తొలగించడానికే 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1965 జనవరి 24 నుంచి అది అమలులోకి వచ్చింది. భారత్ 2004 అక్టోబరు 26న ఇందులో చేరగా, 2005 జులై 14 నుంచి మనకు వర్తిస్తోంది. మన చేరికపై జర్మనీ అభ్యంతరం తెలిపింది. కాబట్టి జర్మనీకి వెళ్లే భారతీయ పత్రాల విషయంలో ఆ దేశపు దౌత్య కార్యాలయం చెప్పిన పద్ధతినే అనుసరించాలి.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే గల్ఫ్ దేశాల్లో ఒమన్‌లో 2012లో, బహ్రెయిన్‌లో 2013 చివర్లో, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరులో ఈ ఒప్పందం అమలులోకి వచ్చింది. కెనడాకు 2024 జనవరి 11 నుంచి వర్తిస్తోంది. యూఏఈ, కువైట్, ఖతర్‌లకు పాత గొలుసు పద్ధతే.

భారతదేశంలో పీసీసీ జారీ

మన దేశంలో పీసీసీ రెండు రకాలుగా దొరుకుతుంది. ఈ తేడా తెలియక ఒకదానికి బదులు మరొకటి తెచ్చుకునేవారు కోకొల్లలు.

మొదటిది పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చేది. విదేశాంగ శాఖ కింద పనిచేసే ఈ కార్యాలయం పోలీసుల నివేదిక తెప్పించుకుని, పాస్‌పోర్ట్ అధికారి సంతకంతో పత్రం ఇస్తుంది. వెళ్లబోయే దేశం పేరు అందులోనే ఉంటుంది. కువైట్ పేరుతో తీసుకున్న పీసీసీని ఒమన్‌కు వాడలేరు. రెండోది జిల్లా ఎస్పీ లేదా పోలీస్ కమిషనర్ కార్యాలయం ఇచ్చేది. ఇది ఎక్కువగా దేశంలోని ఉద్యోగాలకు, ఇంటి అద్దెలకు, ప్రైవేటు సంస్థల తనిఖీలకు ఉపయోగపడుతుంది. విదేశీ వీసాకు సాధారణంగా అడిగేది మొదటి రకమే.

పాస్‌పోర్ట్ కార్యాలయం పీసీసీని ఉద్యోగం, నివాస హోదా, దీర్ఘకాలిక వీసా, వలస కోసమే ఇస్తుంది. పర్యాటక వీసా మీద వెళ్లేవారికి ఇవ్వదు. దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలి. రుసుము 500 రూపాయలు. తెలంగాణకు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయాలున్నాయి. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కూడా పీసీసీ దరఖాస్తులు తీసుకుంటున్నారు. జిల్లా కేంద్రాల నుంచి పెద్ద నగరాలకు పనిగట్టుకుని వెళ్లవలసిన అవసరం దీంతో చాలావరకు తప్పింది. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న జిల్లాలకు ఇది చెప్పుకోదగ్గ ఊరట.

కేంద్రానికి వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్ట్, దాని మొదటి, చివరి పేజీల నకళ్లు, ప్రస్తుత చిరునామా రుజువు, ఉద్యోగ ఒప్పందం లేదా వీసా ప్రతి తీసుకెళ్లాలి. పాస్‌పోర్ట్‌లోని చిరునామా, ప్రస్తుత నివాసం ఒకటే అయి, పాత పోలీసు నివేదిక సక్రమంగా ఉంటే కొన్ని సందర్భాల్లో పత్రం త్వరగానే చేతికి వస్తుంది. చిరునామా మారితే దరఖాస్తు కొత్త చిరునామా పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది. స్పెషల్ బ్రాంచ్ సిబ్బంది లేదా స్టేషన్ కానిస్టేబుల్ ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగును విచారించి, స్టేషన్ రికార్డులు చూసి నివేదిక పంపుతారు. ఆ సమయంలో దరఖాస్తుదారు ఊళ్లో లేకపోతే 'చిరునామాలో లేరు' అనే నివేదిక వెళ్లి దరఖాస్తు ఆగిపోతుంది. హైదరాబాదులో గది అద్దెకు తీసుకుని ఇంటర్వ్యూల చుట్టూ తిరిగే యువకులు ఊరి చిరునామాతో దరఖాస్తు చేసినప్పుడు తరచు జరిగేది ఇదే.

ధ్రువీకరణ క్రమం

విదేశాంగ శాఖ ఏ పత్రాన్నీ నేరుగా ధ్రువీకరించదు. తన దగ్గర నమూనా సంతకం ఉన్న అధికారి ముందుగా సంతకం చేసి ఉండాలి. విద్యా పత్రాలు, జనన, వివాహ ధ్రువపత్రాల విషయంలో ఆ పని రాష్ట్ర ప్రభుత్వం చేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సచివాలయంలోని సాధారణ పరిపాలన శాఖ దీన్ని చూస్తుంది. కమిషనర్ లేదా ఎస్పీ ఇచ్చిన పోలీసు పత్రానికీ ఈ రాష్ట్రస్థాయి సంతకం కావాలి. పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చిన పీసీసీకి ఈ మెట్టు అక్కర్లేదు. అది విదేశాంగ శాఖ సొంత కార్యాలయం ఇచ్చిన పత్రం కాబట్టి నేరుగా అపోస్టిల్‌కు వెళ్తుంది. పీసీసీకి కూడా 'రాష్ట్ర అటెస్టేషన్' పేరుతో డబ్బు అడిగే ఏజెంటును ఈ ఒక్క సంగతితో పట్టుకోవచ్చు.

విదేశాంగ శాఖలో ఈ పని చూసేది కాన్సులర్, పాస్‌పోర్ట్, వీసా విభాగం. ఢిల్లీలో పటియాలా హౌస్ అనెక్స్‌లో దీని కార్యాలయం ఉంది. 2012 నుంచి ప్రజలు నేరుగా కౌంటరులో పత్రాలు ఇచ్చే వీలు లేదు. శాఖ ఎంపిక చేసిన సేవా సంస్థల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి ఈ సేవలను హైదరాబాదు సహా పలు నగరాల్లోని విదేశాంగ శాఖ కార్యాలయాలకు విస్తరించారు. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు. సేవా సంస్థ ఛార్జీ దీనికి అదనం.

అపోస్టిల్ రూపం

భారత్ అపోస్టిల్‌ను కంప్యూటర్‌లో తయారైన స్టిక్కర్ రూపంలో పత్రం వెనక అతికించి, దానిపై ముద్ర వేసి ఇస్తుంది. ఒప్పందం ప్రకారం అది చదరంగా, ఒక్కో వైపు కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి. శీర్షికలో 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం పేరు ఫ్రెంచి భాషలో ఉండాలి. ఏ దేశపు అపోస్టిల్ అయినా ఆ ఒక్క పంక్తి మారదు. కింద వరుస సంఖ్యలతో 10 గళ్లు ఉంటాయి. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర ఉంది అన్నవి మొదటి నాలుగు. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, సంఖ్య ఎంత, ముద్ర, సంతకం అన్నవి తర్వాతి ఆరు.

స్టిక్కర్ చేతికి రాగానే చూడవలసినవి రెండో, మూడో గళ్లు. పీసీసీ మీద సంతకం చేసిన పాస్‌పోర్ట్ అధికారి పేరు, హోదా అక్కడ ఉండాలి. నకలు మీద నోటరీ ముద్ర వేయించి దానికి అపోస్టిల్ చేయిస్తే ఆ గళ్లలో మరొకరి పేరు, హోదా వస్తాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ రెండో దాంట్లో పీసీసీకి పూచీ పడినవారు లేరు. వీసా అధికారి దాన్ని తిరస్కరించవచ్చు. ఎనిమిదో గడిలోని సంఖ్యతో పత్రం అసలైనదో కాదో విదేశాంగ శాఖ వ్యవస్థలో సరిచూసుకోవచ్చు. జారీ చేసిన ప్రతి అపోస్టిల్‌నూ రిజిస్టరులో నమోదు చేయాలని ఒప్పందం 7వ అధికరణం నిర్దేశిస్తుంది.

ఎంబసీ పద్ధతి

యూఏఈ, కువైట్, ఖతర్‌లకు వెళ్లే పత్రంపై విదేశాంగ శాఖ సాధారణ అటెస్టేషన్ ముద్ర, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్ ముద్ర పడాలి. అక్కడికి చేరాక ఆ దేశపు విదేశాంగ శాఖ తన ఎంబసీ సంతకాన్ని ధ్రువీకరిస్తుంది. గల్ఫ్‌లో అరబ్బీ అనువాదం అడిగితే గుర్తింపు పొందిన అనువాదకుడి దగ్గరే చేయించాలి. 2023లో హైదరాబాదులో యూఏఈ కాన్సులేట్ ఏర్పడింది. ఖతర్ వీసాకు సంబంధించిన వైద్య పరీక్షలు, బయోమెట్రిక్ పనులు హైదరాబాదులోని ఖతర్ వీసా కేంద్రంలోనే జరుగుతాయి.

దేశాలవారీ నియమాలు

నియమాలు తరచు మారతాయి. అవి మారే తీరు తెలియడానికి రెండు సంఘటనలు చాలు. యూఏఈ 2018 ఫిబ్రవరి 4 నుంచి ఉద్యోగ వీసాకు సత్ప్రవర్తన పత్రం తప్పనిసరి చేసింది. రెండు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 1 నుంచి భారతీయులకు దాన్ని నిలిపివేసింది. సౌదీ అరేబియా భారతీయులు పీసీసీ ఇవ్వాలన్న నిబంధనను 2022 నవంబరులో ఎత్తివేసింది. ఆయా వారాల్లో దరఖాస్తు చేసినవారు అప్పటికే ఖర్చుపెట్టి తెచ్చుకున్న పత్రాలు అక్కరకు రాలేదు. కాబట్టి పత్రం కోసం పరుగెత్తే ముందు ఎంబసీ ప్రకటన చూడటం, కంపెనీ నుంచి రాతపూర్వకంగా జాబితా తెప్పించుకోవడం అవసరం.

కువైట్ వర్క్ వీసా స్టాంపింగ్‌కు పీసీసీ అడుగుతారు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కు తరతరాలుగా వలస సాగుతోంది గనుక అక్కడి ఇళ్లలో ఈ పత్రం సుపరిచితం. యూరప్‌లో స్పెయిన్, పోర్చుగల్ దీర్ఘకాలిక వీసాలకు అపోస్టిల్ పడిన పీసీసీ కోరతాయి.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌ల తీరు వేరు. ఇవి పీసీసీ అడుగుతాయి గానీ, వలస దరఖాస్తులో భారతీయ పీసీసీకి అపోస్టిల్ కోరవు. పత్రాన్ని స్కాన్ చేసి జతచేస్తే సరిపోతుంది. ఈ దేశాలకు వెళ్లేవారు అపోస్టిల్ కోసం పెట్టే ఖర్చు చాలావరకు వృథా. ఇవి శ్రద్ధ పెట్టేది మరోచోట: దరఖాస్తుదారు ఎక్కడెక్కడ ఎంతకాలం ఉన్నారన్న దాని మీద.

కెనడా శాశ్వత నివాసానికి గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పత్రం కావాలి. 18 ఏళ్లు నిండకముందు గడిపిన కాలం లెక్కలోకి రాదు. ఆస్ట్రేలియా 16 ఏళ్ల వయసు నుంచి లెక్కించి, గత 10 ఏళ్లలో మొత్తం 12 నెలలు ఉన్న దేశాలను చూస్తుంది. కెనడాది 'వరుసగా', ఆస్ట్రేలియాది 'మొత్తం మీద' అన్న తేడా ముఖ్యం. దుబాయ్‌కి ఏడాదికి నాలుగు నెలల చొప్పున ప్రాజెక్టు పని మీద వెళ్లి వచ్చిన ఇంజనీరుకు కెనడా దరఖాస్తులో యూఏఈ పత్రం అవసరం పడకపోవచ్చు, ఆస్ట్రేలియా దరఖాస్తులో పడవచ్చు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో విద్య, వైద్యం, సంరక్షణ వంటి రంగాల్లో చేరేవారినే నేరచరిత్ర పత్రం అడుగుతుంది. గత 10 ఏళ్లలో 12 నెలలు ఉన్న దేశాలకు అది వర్తిస్తుంది. మన నర్సులు ఈ కోవలోకి వస్తారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సాధారణంగా రారు.

అమెరికా హెచ్-1బీ వీసాకు సాధారణంగా పీసీసీ అక్కర్లేదు. దరఖాస్తు ఫారంలోని నేరచరిత్ర ప్రశ్నలకు సమాధానం ఇవ్వాలి. గ్రీన్ కార్డుకు ఎంబసీ ద్వారా వెళ్లేవారిని పోలీసు పత్రాలు అడుగుతారు.

విదేశాల్లో నివసించినవారి పత్రాలు

గల్ఫ్‌లో నాలుగేళ్లు పనిచేసి యూరప్‌కు, అమెరికాలో పనిచేసి కెనడాకు వెళ్లేవారు ఇప్పుడు తెలుగు ఇళ్లలో మామూలే. వీరికి భారతీయ పీసీసీతోపాటు ఆయా దేశాల పత్రాలూ కావాలి.

అమెరికాలో ఎఫ్‌బీఐ నేరచరిత్ర సారాంశం ఇస్తుంది. రుసుము 18 డాలర్లు. వేలిముద్రలు తప్పనిసరి. ఇది సమాఖ్య ప్రభుత్వ పత్రం కాబట్టి అపోస్టిల్ వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ వేస్తుంది. రాష్ట్ర పోలీసుల పత్రమైతే ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం వేస్తుంది. ఒకదానికి బదులు మరోచోటికి పంపితే పత్రం అలాగే తిరిగివస్తుంది. బ్రిటన్‌లో ఏక్రో అనే సంస్థ పోలీస్ సర్టిఫికెట్ ఇస్తుంది. అపోస్టిల్ విదేశాంగ శాఖ లీగలైజేషన్ కార్యాలయానిది. రికార్డే లేనివారికీ, పాత చిన్న నేరం నమోదై ఉన్నా ఇప్పుడు చూపనక్కర్లేనివారికీ ఏక్రో వేర్వేరు పదాలు వాడుతుంది. కొన్ని దేశాల వీసా అధికారులు ఆ తేడా గమనించి వివరణ అడుగుతారు. సింగపూర్‌లో పోలీసు శాఖే క్లియరెన్స్ పత్రం ఇస్తుంది. గల్ఫ్ దేశాలు వదిలి వచ్చాక అక్కడి పత్రం తెప్పించడానికి సాధారణంగా వేలిముద్రల కార్డు, దానిపై ధ్రువీకరణ కావలసి వస్తుంది. ఆ దేశంలో ఉండగానే, ఎగ్జిట్‌కు ముందే తీసుకోవడం అన్ని విధాలా సులువు.

విదేశంలో ఉన్న భారతీయుడికి అక్కడి మన ఎంబసీ లేదా కాన్సులేట్ కూడా భారతీయ పీసీసీ ఇస్తుంది. అయితే దౌత్య, కాన్సులర్ అధికారులు తయారుచేసిన పత్రాలకు అపోస్టిల్ ఒప్పందం వర్తించదని 1వ అధికరణం చెబుతోంది. మాడ్రిడ్‌లో ఉద్యోగం వచ్చిన దుబాయ్ నివాసి అక్కడి మన కాన్సులేట్‌లో పీసీసీ తీసుకుంటే దానికి అపోస్టిల్ పడదు. వేరే ధ్రువీకరణ మార్గం వెతుక్కోవాలి. అపోస్టిల్ తప్పనిసరిగా అడిగే దేశానికి వెళ్లేవారు దరఖాస్తుకు ముందే ఈ అడ్డంకిని గురించి ఆ దేశపు ఎంబసీని అడిగి తెలుసుకోవాలి.

పేర్లు, వివరాల తేడాలు

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో పొడి అక్షరమై పోతుంది, ఆధార్‌లో చివరికి చేరుతుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుకూ పెట్టిన పేరుకూ వేర్వేరు గళ్లున్నాయి. అన్నీ ఒకే గడిలో రాసేసి రెండోది ఖాళీగా వదిలినవారు చాలామంది. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ పాస్‌పోర్ట్‌లో ఒకే పేరున్నవారికి వీసా నిరాకరించడంతో ఈ ఖాళీ గడి ఎంత పెద్ద సమస్యో అందరికీ తెలిసింది.

ఇంగ్లీషు స్పెల్లింగులు మరో చిక్కు. 'లక్ష్మి' అనే పేరు తెలంగాణలో ఎక్కువగా ఎక్స్ అక్షరంతో, ఆంధ్రలో ఎక్కువగా కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. ఒకే మనిషి పేరు బడిలో ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా ఉంటుంది. పెళ్లయ్యాక కొందరు స్త్రీల ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో మారుతుంది, చదువు పత్రాల్లో మారదు. పీసీసీ పాస్‌పోర్ట్ వివరాలనే తీసుకుంటుంది గనుక ఆ రెండింటికీ తేడా రాదు. తేడా బయటపడేది పీసీసీని డిగ్రీ పట్టాతో, అనుభవ పత్రంతో పక్కపక్కన పెట్టినప్పుడు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే నోటరీ అఫిడవిట్‌ను చాలా కంపెనీలు అంగీకరిస్తాయి. పేరు నిజంగానే మారి ఉంటే గెజిట్ ప్రకటన, దాని ప్రకారం పాస్‌పోర్ట్ మార్పు అవసరం. ఈ సవరణలన్నీ పీసీసీకి ముందే జరగాలి. పాస్‌పోర్ట్ మారితే పాత సంఖ్యతో ఉన్న పీసీసీ పనికిరాదు.

పెండింగ్ కేసులున్న దరఖాస్తుదారులు

పోలీసు నివేదిక ప్రతికూలంగా వస్తే పాస్‌పోర్ట్ కార్యాలయం వివరణ కోరుతూ లేఖ పంపుతుంది. పల్లెల్లో భూతగాదాలు, కుటుంబ కలహాలు, ధర్నాలు, ఎన్నికల గొడవల్లో పేరు చేరడం అరుదేమీ కాదు. వరకట్న వేధింపుల కేసుల్లో భర్తతోపాటు బంధువుల పేర్లూ చేరతాయి. తమ మీద కేసున్న సంగతే తెలియక పీసీసీ దరఖాస్తు తర్వాత తెలుసుకునేవారూ ఉన్నారు.

1967 పాస్‌పోర్ట్ చట్టం 6(2)(ఎఫ్) నిబంధన క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగ్‌లో ఉన్నవారి గురించి మాట్లాడుతుంది. ఎఫ్ఐఆర్ మాత్రమే నమోదై, కోర్టు ముందుకు రాని దశ దానితో సమానం కాదు. కేసు కోర్టులో ఉన్నా, ఆ కోర్టు అనుమతితో పాస్‌పోర్ట్ పొందడానికి 1993 ఆగస్టు 25 నాటి ప్రభుత్వ నోటిఫికేషన్ వీలు కల్పించింది. విదేశీ ప్రయాణ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులో చెప్పి, 1978లో మేనకా గాంధీ కేసులో మరింత విస్తరించింది. అయితే పాస్‌పోర్ట్ దొరకడం వేరు, మచ్చలేని పీసీసీ దొరకడం వేరు. మొదటిది హక్కుకు సంబంధించినది, రెండోది వాస్తవాన్ని చెప్పే పత్రం.

కేసు కొట్టేసినా, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి, స్టేషన్‌లోనూ పాస్‌పోర్ట్ కార్యాలయంలోనూ ఇవ్వాలి. చట్టప్రకారం రాజీ చేసుకోదగిన కేసులో రాజీకి నిర్దోషిగా విడుదలైన ఫలితమే ఉంటుంది. అయినా స్టేషన్ రికార్డులో ఆ సంగతి ఎక్కే దాకా కేసు పెండింగ్‌గానే కనిపిస్తుంది. ఏళ్ల కింద ముగిసిన కేసు కూడా ఇలా వీసా సమయంలో అడ్డుపడుతుంది. వీసా ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అని అడిగితే నిర్దోషిగా తేలినవారు కూడా నిజమే రాసి తీర్పు జతచేయాలి. చాలా దేశాలు పాత కేసు కన్నా అబద్ధపు సమాధానాన్నే తీవ్రంగా పరిగణిస్తాయి.

చెల్లుబాటు కాలం

పీసీసీ ఎంతకాలం చెల్లుతుందన్నది దాన్ని తీసుకునే దేశం నిర్ణయిస్తుంది. కెనడాకు ప్రస్తుతం నివసిస్తున్న దేశపు పత్రం దరఖాస్తు నాటికి 6 నెలల లోపుది కావాలి. న్యూజిలాండ్ కూడా 6 నెలలే అంటుంది. ఆస్ట్రేలియా 12 నెలలు అంగీకరిస్తుంది. అపోస్టిల్‌కు ఒప్పందంలో గడువు లేదు. అయినా అది అంటిపెట్టుకున్న పీసీసీకి కాలం తీరితే అపోస్టిల్ కూడా అక్కరకు రాదు.

గడువు లెక్క తప్పేది పనుల వరుస తప్పినప్పుడే. ఉదాహరణకు రాజమహేంద్రవరం నుంచి గల్ఫ్ ఆసుపత్రికి వెళ్లదలచిన నర్సుకు డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాల మూల తనిఖీ డేటాఫ్లో వంటి సంస్థ ద్వారా జరగాలి. విశ్వవిద్యాలయం, కౌన్సిల్, పాత ఆసుపత్రి ఒక్కొక్కటీ జవాబిచ్చేదాకా అది ముందుకు కదలదు. ఆ తర్వాత లైసెన్సు పరీక్ష, ఆ తర్వాత ఆఫర్ లెటర్. ఇంటర్వ్యూ పిలుపు రాగానే ఉత్సాహంతో పీసీసీ తీసుకుంటే ఇవన్నీ ముగిసేసరికి దాని గడువు అయిపోతుంది. డిగ్రీ పట్టాకు గడువు లేదు, కాబట్టి విద్యా పత్రాల అటెస్టేషన్ ముందుగా చేయించుకుని, పీసీసీని ఆఫర్ ఖాయమయ్యాక తీసుకోవడం మేలు.

ఏజెంట్లు, నకిలీ పత్రాలు

పైన చెప్పిన ప్రభుత్వ రుసుములు వందల్లో ఉంటే, బయట వసూలు చేసే మొత్తం వేలల్లో ఉంటుంది. ప్రయాణం, కొరియర్, ఎంబసీ రుసుము, సేవా ఛార్జీ కలిపితే కొంత అదనం సహజమే. వివరాలు లేని ఏకమొత్తం బిల్లు మాత్రం అనుమానించదగినది. రాష్ట్ర సచివాలయం సంతకం బదులు ఢిల్లీలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ముద్ర వేయించి తెచ్చే పద్ధతి కూడా విరివిగా ఉంది. కొన్ని ఎంబసీలు విద్యా పత్రాలపై ఆ ముద్రను ఒప్పుకోవు. ఏజెంటుకు పత్రం ఇచ్చే ముందే ఏ మార్గంలో చేయిస్తారో అడిగి తెలుసుకోవాలి.

నకిలీ స్టిక్కర్లు, నకిలీ పీసీసీలు విమానాశ్రయంలోనో, ఎంబసీలోనో బయటపడితే ముందుగా ఇరుక్కునేది పత్రం చూపిన వ్యక్తే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీ 336వ సెక్షన్ కిందికి, నకిలీ పత్రాన్ని అసలైనదిగా వాడటం 340వ సెక్షన్ కిందికి వస్తాయి. అసలు పాస్‌పోర్ట్‌ను ఏజెంటు దగ్గర రోజుల తరబడి వదిలేయడం ఎంతమాత్రం మంచిది కాదు. పీసీసీ అపోస్టిల్‌కు పాస్‌పోర్ట్ నకలు చాలు.

రిక్రూటింగ్ ఏజెంటు విషయంలో మరో తనిఖీ ఉంది. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే సంస్థకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య చూసుకోవచ్చు. పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ముద్ర ఉన్నవారు, అంటే ఎక్కువగా పదో తరగతి పాసవనివారు, నిర్దేశిత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే పీసీసీకి అదనంగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కూడా పొందాలి. ఈ కార్యాలయం హైదరాబాదులో ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకాలు చేపడతాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వంటి వలస జిల్లాల్లో మధ్యవర్తుల ప్రాబల్యం దృష్ట్యా ఈ సంస్థల ఉనికి ఇంకా ఎక్కువమందికి తెలియవలసి ఉంది.

డిజిటల్ ధ్రువీకరణ

హేగ్ ఒప్పందం కింద ఎలక్ట్రానిక్ అపోస్టిల్ కార్యక్రమం 2006లో మొదలైంది. ఇందులో ముద్ర డిజిటల్ సంతకంగా ఉంటుంది, రిజిస్టరు ఆన్‌లైన్‌లో తెరిచి ఉంటుంది. భారత్ 2017లో ఈ-సనద్ పేరుతో ఆన్‌లైన్ ధ్రువీకరణ ప్రారంభించింది. పత్రాన్ని ఇచ్చిన బోర్డు, విశ్వవిద్యాలయం లేదా కార్యాలయం తన రికార్డులను డిజిటల్ నిల్వలో ఉంచి ఉంటే, దరఖాస్తుదారు ఢిల్లీకి గానీ హైదరాబాదుకు గానీ కాగితం పంపకుండానే తనిఖీ ముగుస్తుంది. నిల్వలో లేని పత్రమైతే ఇచ్చిన సంస్థకు ముందుగా ధ్రువీకరణ కోసం వెళ్తుంది, అక్కడి స్పందనను బట్టి కాలం పడుతుంది. ఎంబసీ ముద్ర అడిగే దేశాలకు మాత్రం ఈ-సనద్ తర్వాత కూడా ఆ మెట్టు మిగిలే ఉంటుంది.